స్కానర్ మాట నమ్మి పార్టు మార్చాడు, స్టీరింగ్ మళ్లీ బిగిసింది: మా వాడు ఈ పనికి పనికొస్తాడా?

ప్రశ్న: మాది గుడివాడ దగ్గర పల్లె. మా అబ్బాయి పది పాసయ్యాక ఐటీఐలో మోటార్ మెకానిక్ రెండేళ్ల కోర్సు చేశాడు. ఏడాదిన్నరగా విజయవాడలో ఒక కార్ల షెడ్డులో పని చేస్తున్నాడు. ఎలక్ట్రికల్ పనంటే వాడికి బాగా ఇష్టం. రెండు నెలల కిందట, స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కుతోందని ఒక కారు వచ్చింది. వీడే కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టి చూసి, స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి సాయం చేసే కరెంటు మోటార్ పోయిందని చెప్పాడట. ఆ మోటార్ ఉండే స్టీరింగ్ కాలమ్ మొత్తం మార్చారు. నాలుగు రోజులకే మళ్లీ అదే కంప్లైంట్. చివరికి బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చి, బ్యాటరీ కింద, మైనస్ వైరును బండి బాడీకి కలిపే ఎర్త్ బోల్టు విప్పి, గీకి బిగిస్తే సరిపోయింది. కారాయన అందరి ముందూ వీణ్ని తిట్టాడు. అప్పటి నుంచి ముభావంగా ఉంటున్నాడు. "నాన్నా, నాకీ పని రాదు" అంటున్నాడు. షోరూమ్‌లో సేల్స్ ఉద్యోగం చూడమంటారా, ఈవీ (ఎలక్ట్రిక్ బండ్ల) కోర్సు ఏదైనా చేయించమంటారా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. రెండోసారి చదివింది ఆ ఎర్త్ బోల్టు కోసం. మీ అబ్బాయి పొరపాటు చేశాడు, నిజమే. ఇరవై ఏళ్లు చెయ్యి తిరిగినవాళ్లు కూడా అదే చోట అదే పొరపాటు చేస్తుంటారు. ఏడాదిన్నర అనుభవమున్న కుర్రాడి చేతికి స్కానర్ ఇచ్చి, వాడు చెప్పిన ఒక్క మాట మీద కాలమ్ మార్చేశారంటే, పక్కనుండి చూడాల్సిన పెద్దవాళ్లు చూడలేదన్నమాట. ఆ బరువంతా కుర్రాడి నెత్తిన పెట్టకండి.

సేల్స్ ఉద్యోగం ఇప్పుడే వద్దు. అది చెడ్డ ఉద్యోగమని కాదు. వాడు ఇష్టపడి వెళ్లడం లేదు, తిట్లకు భయపడి వెళ్తున్నాడు. అలా వెళ్లినవాళ్లు అక్కడా నిలబడకపోవడం నేను చాలాసార్లు చూశాను. ఈవీ సంగతి తర్వాత చెబుతాను.

ముందు మీ అబ్బాయితో కాసేపు మాట్లాడనివ్వండి. ఈ భాగం వాడితో చదివించండి.

బాబూ, నువ్వు అసలు ఎక్కడ తప్పావో తెలిస్తే నీ భయం సగం పోతుంది. స్కానర్ నీకు అబద్ధం చెప్పలేదు. జ్వరం ఎంతుందో థర్మామీటర్ చెబుతుంది కానీ అది మలేరియానో టైఫాయిడో చెప్పదు కదా. స్టీరింగ్ కంప్యూటర్ మోటార్‌కు ఇంత కరెంటు పంపాలనుకుంది. అంత వెళ్లలేదు. అందుకని మోటార్ సర్క్యూట్‌లో లోపమని కోడ్ రాసుకుంది. కరెంటు ఎందుకు వెళ్లలేదన్నది కనిపెట్టడం నీ పని. ఆ పని చేయకుండానే మోటార్ పోయిందనుకున్నావు.

ఇప్పుడు లెక్క చూడు. కారు ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే ఆ మోటార్ సుమారు 40 ఆంపియర్లు లాగుతుందనుకో. పెద్ద కార్లలో ఇంకా ఎక్కువే. అంటే ఎనిమిది హెడ్‌లైట్ బల్బులు ఒక్కసారిగా వెలిగించినంత. బ్యాటరీ కింద తుప్పు పట్టిన ఆ బోల్టు దగ్గర కరెంటుకు ఓమ్‌లో పదో వంతు అడ్డం (రెసిస్టెన్స్) ఉన్నా, 40 ఆంపియర్లకు 4 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. బ్యాటరీ దగ్గర 14 ఉంటే మోటార్ దగ్గరికి చేరేది 10. దానికి తోడు ఏసీ, రేడియేటర్ ఫ్యాన్, వానలో వైపర్లు. వోల్టేజీ హద్దు దాటి పడిపోగానే స్టీరింగ్ కంప్యూటర్ సాయం ఆపేసి పసుపు లైటు వెలిగిస్తుంది. స్టీరింగ్‌కూ చక్రాలకూ మధ్య ఇనుప కడ్డీల లంకె అలాగే ఉంటుంది కాబట్టి బండి తిరుగుతుంది, కానీ రోలు తిప్పినట్టు ఉంటుంది. తాళం తీసి మళ్లీ వేస్తే మామూలైపోతుంది.

ఇలాంటి కంప్లైంట్ ఇంటి ముందు పార్కింగ్‌లో వచ్చి, హైవే మీద రాకపోవడానికి కారణం కూడా ఇదే. వేగం పెరిగేకొద్దీ కంప్యూటర్ సాయం తగ్గిస్తుంది, కరెంటు తగ్గుతుంది, బోల్టు దగ్గర నష్టం కూడా తగ్గుతుంది. "ఎప్పుడు బిగుస్తోందండీ, ఆగి తిప్పుతున్నప్పుడా, పరుగులోనా? వానాకాలంలో ఎక్కువా?" అని కారాయన్ను ఒక్క మాట అడిగి ఉంటే సగం దారి దొరికేది.

మరి కొత్త కాలమ్‌తో నాలుగు రోజులు ఎలా నడిచింది? కాలమ్ మార్చాలంటే బ్యాటరీ టెర్మినళ్లు విప్పుతారు, మళ్లీ బిగిస్తారు, కోడ్లు చెరిపేస్తారు. ఆ కదలికకు ఎర్త్ బోల్టు కూడా కాస్త సర్దుకుని ఉండొచ్చు. ఏ కనెక్షన్ విప్పి బిగించినా తాత్కాలికంగా బాగవడం ఇలాంటి జబ్బు లక్షణం. మార్చిన పార్టే పని చేసిందని అప్పుడు అందరూ నమ్మేస్తారు.

ఇంకో సంగతి. నువ్వు మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ఆ ఎర్త్ వైరు చూసి ఉన్నా బాగుందనే చూపించేది. మామూలు మీటర్ వైర్లకే 0.2, 0.3 ఓమ్‌లు ఉంటాయి, వాటి మధ్య ఆ 0.1 ఓమ్ ఎక్కడ కనిపిస్తుంది? పైగా వైరులో ఇరవై పోగులు తెగి ఒక్కటి మిగిలినా, కరెంటు పారనంతసేపూ ఓమ్స్ పరీక్షలో పాసైపోతుంది. ఇలాంటి చోట వోల్టేజ్ డ్రాప్, అంటే దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలవడం, ఒక్కటే నమ్మకమైన పరీక్ష. అది కూడా పని చేయిస్తూ చూడాలి.

ఎలాగో చెబుతాను, రేపే చేసి చూడు. మీటర్‌ను డీసీ వోల్టులలో పెట్టు. నల్ల వైరు బ్యాటరీ మైనస్ పోస్టు మీద ఆనించు. బిగించిన క్లాంపు మీద కాదు, లోపలి సీసపు పోస్టు మీదే. ఎర్ర వైరును స్టీరింగ్ కంప్యూటర్ కప్లర్‌లో (వైర్లు వచ్చి కలిసే ప్లగ్గులో) లావుపాటి ఎర్త్ వైరుకు వెనక నుంచి సన్నని పిన్నుతో తాకించు. కప్లర్ ఊడదీయకూడదు, పిన్ను ముందు నుంచి గుచ్చి రంధ్రం వదులు చేయకూడదు. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒకరిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ తిప్పమను. తిప్పకముందు మీటర్ మీద 0.02, 0.03 కనిపిస్తుంది. తిప్పగానే మంచి బండిలో 0.1, మహా అయితే 0.2 దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. నీ చేతికొచ్చిన ఆ కారులో అయితే అంకె రెండు, మూడు వోల్టులు దాటి ఎగబాకేది. దొంగ నీ కళ్లముందే దొరికేవాడు, ఒక్క స్పానర్ కూడా ముట్టుకోకుండానే. తర్వాత ఇదే పరీక్ష ప్లస్ వైపు: బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి కంప్యూటర్‌కు వచ్చే లావు వైరు దాకా, మధ్యలో పెద్ద ఫ్యూజ్‌తో సహా. ఫ్యూజ్ తెగకపోయినా దాని కాళ్ల దగ్గర మాడి నల్లబడి ఉండొచ్చు, కప్లర్‌లో ఆకుపచ్చని చిలుము పట్టి ఉండొచ్చు.

స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అక్కడే బిగబట్టి ఉంచొద్దు. మోటార్ వేడెక్కితే కంప్యూటర్ తనంతట తానే సాయం తగ్గిస్తుంది. నువ్వు దాన్ని జబ్బనుకుంటావు.

వీటికన్నా ముందు బ్యాటరీ చూడాలి. బండి ఆపి కొన్ని గంటలైతే 12.6 దగ్గర, ఇంజిన్ నడుస్తుంటే దాదాపు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. అది బాగాలేనప్పుడు మిగతా కొలతలకు అర్థం లేదు. స్కానర్‌లో కోడ్ యు అక్షరంతో మొదలైతే కంప్యూటర్ల మధ్య మాట కలవడం లేదని గుర్తు. సాధారణంగా స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య, బ్యాటరీ తీసి చూస్తే, 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే లైన్ ఎక్కడో తెగిందని అర్థం. స్టీరింగ్‌ను ఎంత బలంగా తిప్పుతున్నామో కొలిచే టార్క్ సెన్సార్, కాలమ్, కంప్యూటర్ ఇవన్నీ ఆ తర్వాతి మాట. కాలమ్ మార్చినప్పుడు సెన్సార్‌కు సున్నా నేర్పించే క్యాలిబ్రేషన్ చేయకపోతే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుందని కూడా గుర్తుంచుకో. ఇక ఒక్క హెచ్చరిక: కాలమ్ దగ్గర పసుపు రంగు కప్లర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి దగ్గరికి టెస్ట్ ల్యాంప్ తీసుకెళ్లకు.

ఇప్పుడు మళ్లీ మీతో, నాన్నగారూ.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, మీ అబ్బాయికి లేనిది తెలివి కాదని మీకు తెలియాలి. వాడికి ఎవరూ కొలవడం నేర్పలేదు. ఇది నేర్చుకుంటే వచ్చే విద్య. వచ్చినవాళ్లు మన ఊళ్లలో తక్కువ. పార్టు విప్పి పార్టు వేసేవాళ్లు ప్రతి షెడ్డులో ఉంటారు. మీటర్ పట్టుకుని "ఇదిగో, ఇక్కడ వోల్టేజీ పోతోంది" అని వేలు పెట్టి చూపించేవాడి కోసం పక్క షెడ్డు నుంచి ఫోన్ వస్తుంది. ఆ రోజు వచ్చిన పెద్దాయన అలాంటివాడే. వీలైతే మీ అబ్బాయిని ఆయన దగ్గరకు పంపండి. ఆదివారాలు ఆయన వెనక బ్యాగు మోసినా సరే, ఆరు నెలల్లో చాలా వస్తుంది.

ఇక ఈవీ. మీరు దాన్ని వేరే దారి అనుకుంటున్నారు. ఎలక్ట్రిక్ కారులో, పాత రకం పవర్ స్టీరింగ్‌కు సాయం చేసే ఆయిల్ పంపు తిప్పడానికి ఇంజినే ఉండదు, అందుకే అక్కడ స్టీరింగ్‌కు కరెంటు సాయమే దిక్కు. 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వో అనే చిన్న కారుతో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు మన వీధుల్లో చిన్న కార్లలో సర్వసాధారణం. ఈవీలో పెద్ద బ్యాటరీతో పాటు మామూలు 12 వోల్టుల బ్యాటరీ, ఇవే ఎర్త్ పాయింట్లు, ఇవే కప్లర్లు ఉంటాయి. నారింజ రంగు వైర్లలో మాత్రం ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది, దానికి వేరే శిక్షణ కావాలి. 12 వోల్టుల పని రాకుండా దాని మీద చెయ్యి వేయడం ప్రమాదం. కాబట్టి ఈవీ కోర్సు రెండేళ్ల తర్వాత చేయించండి. "వారంలో ఈవీ ఎక్స్‌పర్ట్" అని డబ్బు గుంజే ప్రైవేటు కోర్సుల జోలికి వెళ్లకండి.

ఇప్పుడు చేయాల్సింది నన్నడిగితే అప్రెంటిస్‌షిప్. చేతిలో ఐటీఐ సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఏదైనా కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అప్రెంటిస్‌గా చేరొచ్చు. అక్కడ దొరికే పెద్ద ఆస్తి సర్వీస్ మాన్యువల్, వైరింగ్ డయాగ్రమ్. బయటి షెడ్డులో అవి దొరకడం కష్టం. స్టైపెండ్ ఇప్పుడొచ్చే జీతం కన్నా తక్కువ కావచ్చు, ఆ ఏడాది ఇల్లు ఎలా గడుస్తుందో ముందే లెక్క చూసుకోండి. కుదరకపోతే ఐటీఐలోనే ఏడాది పాటు నడిచే మెకానిక్ ఆటో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ట్రేడ్ ఉంది. చదువు మీద ధ్యాస ఉంటే, రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు లేటరల్ ఎంట్రీతో పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి, అక్కడి నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదికి వెళ్లే దారి కూడా ఉన్నాయి. కానీ వాడి చెయ్యి మంచిదనిపిస్తోంది నాకు, దాన్ని మూలన పెట్టేసి పుస్తకాల వైపు తోయకండి. గల్ఫ్‌లో ఆటో ఎలక్ట్రీషియన్లకు పని ఉందని ఎవరైనా వస్తే, ఆ ఏజెంట్ రిజిస్టర్ అయ్యాడో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వకండి.

ఇంగ్లిష్ సంగతి కూడా చెప్పాలి. మాన్యువల్ చదివేంత ఇంగ్లిష్ చాలు, మాట్లాడేంత అక్కర్లేదు. రోజుకొక వైరింగ్ డయాగ్రమ్ చేత్తో గీయమనండి. వైరు రంగు, పిన్ను నంబరు, ఫ్యూజ్ ఎక్కడుందో రాయమనండి.

ముందు వారం పని ఇది. వెయ్యి, రెండు వేలలో ఒక మంచి మల్టీమీటర్, ఒక నోట్‌బుక్ కొనివ్వండి. షెడ్డుకు వచ్చే బాగున్న కార్లలో, ఓనర్ ఒప్పుకుంటే, ఎర్త్ వైపు ఒకటి, ప్లస్ వైపు ఒకటి చొప్పున స్టీరింగ్ తిప్పుతూ కొలిచి రాసుకోమనండి. పది మంచి బండ్ల అంకెలు నోట్‌బుక్‌లో పడితే, పదకొండో బండి అంకె తేడాగా ఉన్నప్పుడు వాడికే తెలిసిపోతుంది. నోట్‌బుక్ నిండాక మళ్లీ రాయండి, ఏ సర్వీస్ సెంటర్‌లో దరఖాస్తు చేయాలో అప్పుడు చూద్దాం.