లెక్కల సందేహాలు: పట్టిక వచ్చు, లెక్క తప్పుతోంది

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. సైన్, కాస్, టాన్ విలువల పట్టిక నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఎత్తులు, దూరాల లెక్కలు వచ్చేసరికి మార్కులు పోతున్నాయి. ఎక్కడ తేడా?
– ఓ తల్లి, తెనాలి

జవాబు: చాలావరకు బొమ్మ దగ్గరే, అందులోనూ నిమ్నకోణం (పైనుంచి కిందికి చూసే కోణం) దగ్గర. 30 మీటర్ల వాటర్ ట్యాంకు పైనుంచి చూస్తే రోడ్డు మీద ఆగిన ఆటో 30° నిమ్నకోణంలో కనిపించిందనుకోండి. ట్యాంకు అడుగు నుంచి ఆటో ఎంత దూరం? చాలామంది పిల్లలు ట్యాంకు నిలువు గీతకూ చూపు గీతకూ మధ్య 30° వేసేస్తారు. దాంతో దూరం 30/√3, అంటే 17.32 మీటర్లు వస్తుంది. తప్పు.

నిమ్నకోణాన్ని కంటి దగ్గర గీసిన అడ్డగీత నుంచి కిందికి కొలవాలి. కాబట్టి ముందు ఆ అడ్డగీత గీయించండి. అదీ నేలా సమాంతరాలు కనుక, ఏకాంతర కోణంగా అదే 30° ఆటో దగ్గరికి దిగుతుంది. అక్కడి నుంచి చూస్తే ట్యాంకు ఎదుటి భుజం, దూరం ఆసన్న భుజం. టాన్ 30° = 30/దూరం. దూరం 30√3, సుమారు 51.96 మీటర్లు. జవాబు సరిచూసుకోవడం సులువే: నిమ్నకోణం 45° కంటే తక్కువైతే దూరం ఎత్తును మించాలి. 17 వచ్చిందంటే కోణం వేరే మూలలో పడినట్టే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎదుటి, ఆసన్న అన్నవి భుజాలకు శాశ్వతమైన పేర్లని పిల్లలు అనుకుంటారు. కర్ణం ఒక్కటే మారదు. 3, 4, 5 సెం.మీ. త్రిభుజం గీయించి రెండు లఘుకోణాల దగ్గరా సైన్ రాయమనండి. ఒకచోట 3/5, రెండోచోట 4/5 రావాలి. పట్టికను పదేపదే అప్పజెప్పించడం కన్నా ఇది మేలు. పట్టిక మరిచిపోయినా ఇబ్బంది లేదు: 0, 1, 2, 3, 4 వరసగా రాసి, ఒక్కోదాన్ని 4తో భాగించి వర్గమూలం తీస్తే 0°, 30°, 45°, 60°, 90°ల సైన్ విలువలు వచ్చేస్తాయి. అదే వరసను వెనక నుంచి చదివితే కాస్.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం కోణమానినికి స్ట్రా అతికించి, దారం కట్టి కొబ్బరిచెట్టు ఎత్తు కొలిచాం. చెట్టుకు 15 మీటర్ల దూరంలో నిలబడ్డాం, కంటి ఎత్తు 1.4 మీటర్లు, దారం 50° చూపింది. ఎత్తు 19 మీటర్లు దాటింది. చెట్టు అంత లేదు!
– తొమ్మిదో తరగతి విద్యార్థులు, కరీంనగర్

జవాబు: దారం చూపేది ఊర్ధ్వకోణం (అడ్డగీత నుంచి పైకి చూసే కోణం) కాదు. స్ట్రా నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు దారం 90° మీద ఉంటుంది కదా. స్ట్రాను ఎంత పైకి ఎత్తితే దారం 90° నుంచి అంత జరుగుతుంది. మీ కోణం 90 – 50 = 40°. టాన్ 40° సుమారు 0.839. దాన్ని 15తో గుణిస్తే 12.59, కంటి ఎత్తు కలిపితే దాదాపు 14 మీటర్లు.

మీరున్న చోట కోణం ఒక్క డిగ్రీ తప్పుగా చదివినా ఎత్తు దాదాపు 45 సెంటీమీటర్లు మారిపోతుంది. అందుకే ముగ్గురు విడివిడిగా చూసి సగటు తీయండి. దారానికి చిన్న నట్టు కట్టి, ఊగడం ఆగాకే చదవండి. కొబ్బరిచెట్టు నిటారుగా ఉండటం అరుదు. వంగిన చెట్టయితే దూరాన్ని మొదలు నుంచి కాదు, మొవ్వుకు సరిగ్గా కింద నేల మీదున్న చోటు నుంచి కొలవాలి.

ప్రశ్న: ఫోన్‌లో సైన్ 30 కొడితే 0.5 బదులు –0.988 వస్తోంది. యాప్ పాడైందా?
– ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: యాప్ బాగానే ఉంది, డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో (కోణాన్ని కొలిచే మరో కొలమానం) లెక్కిస్తోందంతే. 30 రేడియన్లంటే సుమారు 1719°. డిగ్రీలకు మార్చండి. మీట మీద కనిపించే పేరు ఇప్పుడున్న పద్ధతిదో, నొక్కితే మారబోయేదో అన్ని యాప్‌లలో ఒకేలా ఉండదు. అందుకని ముందు సైన్ 90 కొట్టి చూడండి. 1 వస్తే డిగ్రీల్లో ఉన్నట్టు.