జూబిలీ అయిపోయింది, ఇప్పుడు యువతతో ఏం చేయాలి?

ప్రశ్న: కతోలిక సభ 2025లో జరుపుకున్న జూబిలీ ఏడాదంతా మా విచారణ (చర్చి పరిధి) యువత ఊరేగింపులు తీశారు, పాటల పోటీలు పెట్టారు. ఇప్పుడు ఆదివారం పూజకు సగం మంది కూడా రావడం లేదు. యేసు ఎవరని అడిగితే క్విజ్ జవాబులు చెబుతారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కావడంతో తెలుగు బైబిలు చదవలేరు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపదేశి, పర్లాకిమిడి ప్రాంతం

జవాబు: మార్కు సువార్తతో మొదలుపెట్టండి. నాలుగు సువార్తల్లో అదే చిన్నది, 16 అధ్యాయాలే. అధ్యాయమంతా ఒక్కరోజే చదివించకండి, అందులో ఒక్క ఘట్టం తీసుకోండి. వారానికొకటి చొప్పున నాలుగు నెలల పని. గుంపులో ఆరుగురు నుంచి ఎనిమిది మంది చాలు. పది దాటితే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. సమయం 40 నిమిషాలు. అందులో మీ మాటలు పది నిమిషాలు దాటకూడదు. ఇలాంటి గుంపులు ఎక్కువగా చెడేది ఇక్కడే, పెద్దవాళ్లు ప్రసంగం మొదలుపెట్టేస్తారు.

తెలుగు అక్షరాలు రాలేదని పిల్లల్ని చిన్నబుచ్చవద్దు. వాళ్లలో ఒకరు ఒడియా బైబిల్లోంచి చదవాలి, తర్వాత అదే భాగాన్ని మీరు తెలుగులో నెమ్మదిగా చదవాలి. ఆపైన రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. మొదటి వారం ఆ రెండు నిమిషాలూ మహా ఇబ్బందిగా ఉంటాయి. కీబోర్డు పెట్టి నింపేయకండి, ఓర్చుకోండి.

మచ్చుకి 10వ అధ్యాయంలో 46 నుంచి 52 వరకు, బర్తిమయి ఘట్టం. యెరికో దారి పక్కన గుడ్డి బిచ్చగాడు. యేసు పిలుస్తున్నాడనగానే పైవస్త్రం పారేసి లేచాడు. ఆ వస్త్రం గురించి అడగండి. పేదవాడికి రాత్రి చలికి కప్పుకునేది అదే. చూపు లేనివాడు విసిరేసిన గుడ్డను మళ్లీ వెతుక్కోవడం ఎంత కష్టం? అంటే పిలిచినవాణ్ణి ఎంత నమ్మాడు? ఆ తర్వాత ప్రభువు, ‘నీకు నేనేం చేయాలి?’ అంటాడు. ఎదురుగా గుడ్డివాడు నిలబడి ఉంటే ఇంకా అడగాలా! అయినా అడిగాడు, అతని నోట వినాలని. అదే ప్రశ్న నిన్ను అడిగితే ఏమంటావో ఒక చీటీ మీద రాసుకోమనండి. ఆ చీటీ ఎవరూ చదవకూడదు, మీరు కూడా. చదువుతారని తెలిస్తే మీకు నచ్చే జవాబే రాస్తారు. క్విజ్ జవాబులు పుట్టేది అలాగే.

నాలుగైదు వారాలయ్యాక పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, ఏర్పాటు చేయండి. పూజకు పది నిమిషాల ముందు కాదు, శనివారం సాయంత్రం విడిగా. పక్క విచారణ ఫాదర్‌ను కూడా పిలిపించండి. రోజూ చూసే గురువు దగ్గర నోరు విప్పడానికి ఈ వయసువాళ్లు సిగ్గుపడతారు. తెలుగులోనా, ఒడియాలోనా అన్నది వాళ్ల ఇష్టం.

ఒక పొరపాటు మాత్రం దిద్దండి. పవిత్ర ద్వారం దాటితే పాపాలు పోయాయని చాలామంది అనుకుంటున్నారు. 2025 జూబిలీకి పవిత్ర ద్వారాలు తెరిచింది రోములోని నాలుగు మహాదేవాలయాల్లో, రెబిబ్బియా జైల్లో. మేత్రాసనాల్లో (బిషప్పుల పరిధుల్లో) ఉన్నవి జూబిలీ దేవాలయాలు. ఎక్కడైనా సరే పాపం క్షమించబడేది పాపసంకీర్తనంలో. జూబిలీ ఫలం, అప్పటికే క్షమించబడిన పాపానికి మిగిలిన శిక్షను తొలగించేది. దానికి పాపసంకీర్తనం, పూజలో దివ్యసత్ప్రసాద (క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) స్వీకరణ, పోపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థన, పాపం మీద మనసు వదులుకోవడం, ఇవన్నీ కావాలి. రోములో జూబిలీ 2026 జనవరి 6న ముగిసింది. పాపసంకీర్తనం ముగియలేదు, అది పిల్లలకు గట్టిగా చెప్పండి.

పద్దెనిమిదేళ్లలోపు వాళ్లుంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, ఇద్దరు పెద్దలు తప్పక ఉండాలి. కొండదారి ఊళ్ల పిల్లలు చీకటిపడకముందే ఇల్లు చేరేలా చూడండి.

ప్రశ్న: మా కుర్రాళ్లు సగం మంది సూరత్‌లో మగ్గాల మీద ఉన్నారు. వాళ్ల సంగతేమిటి?
– ఒక తల్లి, గంజాం జిల్లా

జవాబు: అమ్మా, అదే ఘట్టాన్ని మూడు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా పంపించండి. వీడియో వద్దు, షిఫ్టు దిగి అలసిపోయినవాళ్లు కళ్లు మూసుకుని వినగలగాలి. చదివే గొంతు ఊళ్లోని తమ్ముడిదో చెల్లెలిదో అయితే మరీ మంచిది. చివర ఒక్క ప్రశ్న చాలు. జవాబు రాకపోయినా వచ్చే వారం పంపించండి. అక్కడ దగ్గర్లో ఉన్న చర్చి, పూజ వేళలు మీ ఫాదర్ ద్వారా కనుక్కుని ఆ మెసేజ్ కిందే రాయండి.