కోటు తొడుక్కుని నడవకు, అమ్మడూ

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలయ్యే జింకల వేటకు నువ్వు విస్కాన్సిన్‌లో హేవర్డ్ వైపు వెళ్తున్నావని మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి చెప్పింది. "తుపాకీ పట్టుకుంటుందట్రా, నువ్వైనా చెప్పు దానికి" అంది. మన దగ్గర 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చినప్పటి నుంచి జింకను కొడితే జైలే కాబట్టి అక్క అలా హడలిపోవడంలో తప్పేమీ లేదు. ఇక్కడ అమెరికాలో లైసెన్సు తీసుకుని, ప్రభుత్వం చెప్పిన రోజుల్లో, చెప్పినన్నే కొడతారనీ, ఆ మాంసం చలికాలమంతా ఇంట్లో వండుకుంటారనీ నచ్చజెప్పేసరికి నా గొంతు ఆరిపోయింది.

అక్కకి తుపాకీ అంటే భయం. నాకు ఆ భయం లేదు. హంటర్ సేఫ్టీ క్లాసు పాసయ్యావు, మీ ఆఫీసు స్నేహితురాలి నాన్నగారు దగ్గర్లోనే ఉంటారు, ఆయన పుట్టి పెరిగింది ఆ అడవిలోనే. మనింటి ఆడపిల్ల తెల్లవారకముందే విస్కాన్సిన్ అడవిలో ఒంటరిగా కూర్చోబోతోందంటే నాకెంత గర్వంగా ఉందో నీకు చెప్పలేను. నా భయాలు వేరు. ఒకటి చెమట, రెండోది చెట్టు మీద ఎక్కి కూర్చునే మంచె. ఈ ఉత్తరం ఆ రెండింటి కోసమే రాస్తున్నాను.

ముందు నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆ నల్ల జాకెట్ సంగతి. వాపసు ఇచ్చెయ్. మాడిసన్‌లో బస్సు కోసం నిలబడటానికి అది చాలా మంచి జాకెట్టే. వేటకు పనికిరాదు. దాని మీద 800 ఫిల్ అని రాసుందని మురిసిపోయి పంపావు. ఔన్సు నూగు, అంటే బాతుల మెత్తటి లోపలి ఈకలు, పొంగితే ఎన్ని ఘనపు అంగుళాల చోటు ఆక్రమిస్తుందో చెప్పే అంకె అది. ఎంత పొంగితే అంత గాలి లోపల చిక్కుకుంటుంది, ఒంటి వేడిని కాపాడేది ఆ గాలే. కానీ బాతు నూగు తడిస్తే తడిసిన దూదిలా ముద్దకట్టి అడుక్కి జారుతుంది. ఆ తర్వాత నీ ఒంటి మీద ఉండేది రెండు పొరల నైలాన్ మాత్రమే. పైగా ఆ మెరిసే గుడ్డ చెయ్యి కదిపితే చాలు గరగరమంటుంది. నిశ్శబ్దంగా ఉన్న అడవిలో జింక చెవులకు ఆ చప్పుడు చాలు.

తడవడానికి వానేం పడుతుంది, నవంబరు కదా అంటావు. వాన అక్కర్లేదమ్మా. నీ ఒళ్లే తడుపుతుంది.

గుంటూరు నుంచి వచ్చి నాతో పాటు పనిచేసిన కుర్రాడొకడు ఉండేవాడు. ఏదైనా చూస్తే వెంటనే నేర్చుకోవాలని ఆరాటపడేవాడు, అచ్చం నీలాగే. ఒక ఏడాది వేటకు నాతో వచ్చాడు. పొద్దున్నే ఇరవై డిగ్రీల ఫారన్‌హీట్ ఉందేమో, గాలి లేదు. బండి దగ్గరే అన్నీ తొడిగేసుకున్నాడు. లోపల కాటన్ బనియను, దాని మీద కాటన్ స్వెట్‌షర్ట్, దాని మీద మందపాటి నూగు జాకెట్, జిప్పు గడ్డం దాకా. "ఒక్కటి తీసి సంచిలో పెట్టుకో, ఎక్కాక వేసుకుందువు" అన్నాను. "చలేస్తోంది మావయ్యా" అన్నాడు, ఆఫీసులో అందరూ నన్ను అలాగే పిలిచేవాళ్లు. మంచు మోకాలి కిందదాకా ఉంది. అందులో తుపాకీ, సంచి మోసుకుంటూ గట్టెక్కి దిగాడు. మంచె దగ్గరికి చేరేసరికి మెడ మీద ఆవిరి లేస్తోంది. హాయిగా ఉందని నవ్వుతూ ఎక్కి కూర్చున్నాడు.

వేటలో కష్టమంతా కూర్చోవడంలోనే ఉంది. నడిచేటప్పుడు ఒళ్లు పొయ్యిలా మండుతుంది, కూర్చోగానే ఆ మంట ఆరిపోతుంది. చెమట మాత్రం బనియన్లోనే ఉంటుంది. కాటన్ ఆ తడిని వదలదు. నీరు గాలి కంటే సుమారు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. పది దాటాక గాలి దిశ మారి వాయవ్యం నుంచి వీచసాగింది. వాకీటాకీలో అడిగితే మొదటిసారి "బాగానే ఉన్నా" అన్నాడు. రెండోసారి మాట ముద్దగా వచ్చింది. మూడోసారి ఏదో గొణిగాడు, సగం తెలుగు, సగం ఏ భాషో. నేను నా మంచె దిగి పరుగెత్తాను.

పైన కూర్చుని నన్ను చూసి నవ్వాడు. వణకడం లేదు. "చలి తగ్గింది మావయ్యా, ఇప్పుడు బాగుంది" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నా గుండె ఆగినంత పనైంది. వణుకు ఉన్నంతసేపూ ఒళ్లు పోరాడుతున్నట్టు. చలి పోకుండానే వణుకు ఆగిపోయిందంటే ఒళ్లు ఓడిపోతున్నట్టు. పడిపోకుండా ఒంటిని చెట్టుకు కట్టి ఉంచే పట్టీలు, అదే హార్నెస్, దాని బకిల్ విప్పడానికి వేళ్లు రావడం లేదు, కానీ విప్పాలని చూస్తున్నాడు. పదిహేను అడుగుల పైన, పట్టు లేని చేతులతో. నేను కింద నుంచి అరిచి, ఆపి, ఎక్కి, నా తాడు తగిలించి, ఒక్కో మెట్టు మీద వాడి పాదాన్ని నా చేత్తో పెట్టి దింపాను. బండిలో తడిబట్టలన్నీ ఊడదీసి నా ఉన్ని చొక్కా తొడిగి, దుప్పట్లు కప్పి, ఫ్లాస్కులో ఉన్న తీపి టీ కొద్దికొద్దిగా తాగించుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆ బనియను పిండితే నీళ్లు కారాయి. వాడి జాకెట్ నీ జాకెట్ కంటే ఖరీదైనది.

బతికాడు. బాగున్నాడు, పిల్లలు కాలేజీకి వచ్చారు. కానీ ఆ నవ్వు మొహం నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది. అందుకే మళ్లీ మళ్లీ చెప్తున్నాను: బండి దగ్గర నీకు చలేయాలి. పళ్లు కొట్టుకునేంత కాదు, చేతులు రుద్దుకునేంత. పల్చటి చొక్కా మీద నడువు. పెద్ద కోటు సంచి మీద కట్టుకో. మంచె కింద ఆగి ఊపిరి కుదుటపడ్డాక, లోపలి చొక్కా తడిగా ఉంటే అది మార్చుకుని, అప్పుడు కోటు తొడుక్కో. టోపీ కూడా అప్పుడే. ఎవరికైనా మాట తడబడుతున్నా, చేతిలోంచి వస్తువులు జారుతున్నా, ఊరికే విసుక్కుంటున్నా వాళ్ల మాట నమ్మకు, కిందికి దింపు. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకు. ఒళ్లు వేడెక్కుతుందని విస్కీ ఇవ్వబోతే పొయ్యనీయకు.

కోటు కొనేటప్పుడు నడకకు కొనకు, కూర్చోవడానికి కొను. అంటే లోపల రెండు పొరలు పట్టేంత వదులుగా, మామూలు సైజు కంటే ఒకటి పెద్దది. బిగుతుగా ఉంటే లోపలి పొరలు నొక్కుకుపోయి గాలి ఉండదు. పొడవు తుంటి కిందకు రావాలి. జిప్పు రెండు వైపులా తెరుచుకునేదైతే కూర్చున్నప్పుడు కింద నుంచి కొంచెం వదులు చేసుకోవచ్చు.

లోపల ఏముండాలంటే, నా ఓటు సింథటిక్‌కే. ప్రిమాలాఫ్ట్‌ని 1980లలో అమెరికా సైన్యం కోసం తయారుచేశారు, తడిస్తే నూగు పనికిరాదనే. థిన్సులేట్ మన పొరుగువాళ్లదే, సెయింట్ పాల్ పక్కనున్న త్రీఎం కంపెనీది. దాని మీద రాసే అంకె చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్తుంది. చేతికి తొడుక్కునే గ్లవ్స్‌లో 40 చాలు, కదలకుండా కూర్చునే కోటులో 150, 200 ఉంటే నిశ్చింత. ఇంకో దారి పాత ఉన్ని కోటు. బరువే. కానీ ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తడి పీల్చుకున్నా వెచ్చదనం పోగొట్టుకోదు, చప్పుడు అసలే చేయదు. ఈ ఊళ్లో ముసలివాళ్లు దాన్నే ఎందుకు వదలరో వాళ్ల పక్కన కూర్చుంటే తెలుస్తుంది.

పైగుడ్డ సంగతి షాపులోనే తేల్చుకో. గోరుతో గీకి చూడు. చప్పుడు వస్తే అక్కడే తగిలించి వచ్చెయ్. వెల్‌క్రో ఉన్న జేబులు వద్దు. గాలిని మాత్రం ఆపాలి, ఎందుకంటే ఇక్కడి గాలిని తేలిగ్గా తీసుకోకూడదు. 1940 నవంబరు 11 పొద్దున మిసిసిపీ ఒడ్డున చొక్కాలు విప్పేసేంత వెచ్చగా ఉందట. బాతుల వేటకు వందలమంది పల్చటి కోట్లతో పడవలెక్కారు. మధ్యాహ్నానికి తుపాను దిగింది, ఉష్ణోగ్రత దాదాపు యాభై ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గిపోయింది. ఒక్క మిన్నెసోటాలోనే 49 మంది పోయారు, అందులో దాదాపు సగం మంది బాతుల వేటగాళ్లే. మరునాడు వినోనా నుంచి మాక్స్ కాన్రాడ్ అనే పైలట్ చిన్న పైపర్ కబ్ విమానంలో వెళ్లి దీవుల్లో చిక్కుకున్నవాళ్లను వెతికి తిండి, అగ్గిపెట్టెలు పడేశాడు. ఆ గాలి ఇప్పుడూ అలాగే వస్తుంది. ఫోన్‌లో వాతావరణం చూసి సంచిలో పొర తగ్గించకు.

రంగు నీ ఇష్టం కాదు. నడుం పైన పైబట్టలో కనీసం సగం నారింజ మెరుపు రంగు ఉండాలని విస్కాన్సిన్ చట్టం. టోపీ పెట్టుకుంటే దానికీ అదే లెక్క. 2016 నుంచి మెరుపు గులాబీ కూడా ఒప్పుకుంటున్నారు, నీకు అది నచ్చుతుందని తెలుసు, కొనుక్కో. జింకకు ఎరుపును పట్టే కన్ను లేదు, నారింజ దానికి మసకగా కనిపిస్తుంది. నీలం మాత్రం బాగా కనిపిస్తుంది. అందుకని ఆ జీన్స్ ఇంట్లో వదిలెయ్. కొత్త కోటును తెల్లదనం పెంచే సబ్బు పొడితో ఉతకకు, ఆ మెరుపు నీలిరంగులాగే వాటి కంట పడుతుంది.

కోటు తొడుక్కుని షాపులోనే రెండు చేతులూ పైకెత్తి, తుపాకీ పట్టినట్టు భుజానికి ఆనించి చూడు. భుజం దగ్గర గుడ్డ మడతపడితే తుపాకీ మడమ చిక్కుకుంటుంది. మెడ పక్కకు తిప్పినప్పుడు టోపీ ముసుగు కళ్లకు అడ్డం రాకూడదు.

ఇక మంచె. హార్నెస్ నేల మీదే తొడుక్కో, నేల మీదకు వచ్చాకే విప్పు. కోటు మీద తొడుగుతావా, కోటు లోపలా? లోపలైతే వీపు దగ్గర తాడు బయటికి రావడానికి చీలిక ఉన్న కోటు కావాలి, వేట కోట్లకు చాలావాటికి ఉంటుంది. మీదైతే కోటుతో సహా పట్టీలు సరిచేసుకుని ఇంటి దగ్గరే చూసుకో. తుపాకీ మోస్తూ ఎక్కకు, గుళ్లు తీసేసి తాడు కట్టి పైకి లాక్కో. ఈ ఒక్క పేరా నువ్వు రెండుసార్లు చదవాలి. అడవిలో తుపాకీ గుండు కంటే మంచె మీద నుంచి పడిన దెబ్బలే నేను ఎక్కువ చూశాను.

మిగతావి నీకు తెలుసు. ఉన్ని మేజోళ్లు, గాలి తగిలితే వేడెక్కే పొట్లాలు, ఫ్లాస్కు, ఫోన్ లోపలి జేబులో. కొట్టిన జింకను మర్నాడు సాయంత్రం అయిదులోపు రిజిస్టర్ చేయించు, జింకలకు సోకే మెదడు జబ్బు పరీక్షకు దాని తల ఇచ్చెయ్.

నువ్వు చదువుకోవడానికి వచ్చిన మొదటి జనవరిలో చికాగో ఎయిర్‌పోర్ట్ బయట చున్నీ చెవులకు చుట్టుకుని నిలబడ్డావు. ముక్కు ఎర్రబడింది, కళ్లలో నీళ్లు, అయినా "చలి లేదు మావయ్యా" అన్నావు. ఆ మొండితనం నాకిష్టమే, నిన్ను ఇంతదూరం తెచ్చింది అదే. అడవిలో మాత్రం వద్దు తల్లీ. చలేస్తే చలేస్తోందని చెప్పు. స్నేహితురాలి నాన్నగారికి చెప్పు, నాకు ఫోన్ చెయ్, దిగి వచ్చెయ్. జింక దొరక్కపోతే వచ్చే ఏడాది దొరుకుతుంది.

ఈ శనివారం ఓ క్లేర్‌లో మా ఇంటికి రా. బీరువాలో నా ఎర్ర గళ్ల ఉన్ని కోటు ఉంది, చేతులు కొంచెం పొడవు, అత్తయ్య మడిచి కుట్టి పెడతానంది. దాని మీద నారింజ మెరుపు చొక్కా వేసుకోవాలి. నచ్చకపోతే ఇద్దరం షాపుకు వెళ్దాం. నీ హార్నెస్, బూట్లు, లోపలి చొక్కాలు అన్నీ తెచ్చుకో. పెరట్లో నిచ్చెన వేస్తాను, అన్నీ తొడుక్కుని ఎక్కి దిగి చూపించాలి నాకు. అమ్మకి ఆదివారం ఇద్దరం కలిసి ఫోన్ చేద్దాం.

మీ మావయ్య