జీతం వస్తోంది కదా అని భరణం అడగకూడదా?

మీకు నెలకు 22 వేలు, మీ ఆయనకు లక్ష దాకా జీతం. ఎనిమిది నెలలుగా పాపతో పుట్టింట్లో ఉంటున్నారు. ఉద్యోగం చేసే భార్యకు భరణం రాదని బంధువులే కాదు, ఒక లాయరు కూడా అన్నారని రాశారు. అది నిజం కాదండీ. 2020లో నాకూ ఇదే మాట చెప్పారు. నమ్మి ఏడాది ఊరుకున్నాను. ఆ ఏడాది డబ్బు ఇక తిరిగి రాలేదు. ఎందుకో కింద చెబుతాను.

చట్టంలో ఉన్న మాట "తనను తాను పోషించుకోలేని భార్య". పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో ఇది 125వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 144వ సెక్షన్ అయింది. ఏ మతం వారికైనా వర్తిస్తుంది. ఆ ఒక్క మాట పట్టుకునే అందరూ జీతం ఉంటే అయిపోయింది అనేస్తారు. కానీ చతుర్భుజ్ వర్సెస్ సీతాబాయి కేసులోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: భార్య దిక్కులేనిదై రోడ్డున పడేదాకా ఆగాల్సిన పని లేదు. భర్తతో ఉన్నప్పుడు ఎలా బతికిందో దానికి దగ్గరగా బతకడానికి ఆమె సంపాదన సరిపోతుందా లేదా అనేదే చూడాలి. 2020 నవంబరు 4న వచ్చిన రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పులో కూడా, భార్య సంపాదిస్తోందన్న ఒక్క కారణంతో భరణం కొట్టేయకూడదని ఉంది.

నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. అప్పుడు నా జీతం 16 వేలు, సాయంత్రం ట్యూషన్ల మీద ఇంకో నాలుగు వేలు. పిటిషన్‌తో పాటు ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చుల అఫిడవిట్ (ప్రమాణపత్రం) వేయాలి, ఇద్దరూ వేయాలి. లాయరు గారి టేబుల్ మీద ఆ కాగితాలు నింపుతూ ట్యూషన్ డబ్బుల దగ్గర నా పెన్ను ఆగింది. చేతికి నగదుగా వచ్చేదే కదా, ఎవరికి తెలుస్తుంది అనిపించింది. ఆవిడ నా ముఖం చూసి, "రాయమ్మా. నాలుగు వేలు దాచి మొత్తం కేసు పోగొట్టుకోకు" అన్నారు. రాశాను.

ఆ తర్వాత కోర్టులో అవతలి లాయరు నా జీతం సర్టిఫికెట్ పైకెత్తి పట్టుకుని, "బీఈడీ చదివారు, నెలనెలా జీతం తీసుకుంటున్నారు, అవునా కాదా?" అని గట్టిగా అడిగారు. అవునన్నాను. "ట్యూషన్లు కూడా చెబుతున్నారు కదా?" అంటే, "అఫిడవిట్‌లో రాశానండీ" అన్నాను. ఆయన కాగితం తిప్పి చూసుకుని వేరే విషయానికి వెళ్లిపోయారు. ఆ క్షణం మా లాయరు గారికి మనసులో దండం పెట్టుకున్నాను. ఆదాయం దాచినట్టు తేలితే, మన మిగతా మాటలు నిజమైనా జడ్జి నమ్మడం కష్టం. అబద్ధపు అఫిడవిట్ మీద విడిగా చర్య కూడా తీసుకోవచ్చు.

ఇంటి అద్దె, పాప స్కూలు ఫీజు, బస్సు ఫీజు రసీదులు, మందుల బిల్లులు అన్నీ జత చేశాం. పద్నాలుగు నెలల వాయిదాల తర్వాత మధ్యంతర భరణం, అంటే కేసు తేలేదాకా నెలనెలా ఇచ్చే భరణం, ఆర్డర్ వచ్చింది. పాపకు 10 వేలు, నాకు 8 వేలు. పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క కట్టమన్నారు కాబట్టి బకాయి 2,52,000 అయింది, మూడు విడతల్లో కట్టారు. పైన చెప్పిన ఆ ఏడాది డబ్బు పోవడానికి కారణం కూడా ఇదే. భరణం మామూలుగా పిటిషన్ వేసిన రోజు నుంచే, విడిపోయిన రోజు నుంచి కాదు. మీరు ఇప్పటికే ఎనిమిది నెలలు పోగొట్టుకున్నారు. మీరు ఉంటున్న ఊరి పరిధిలోని కోర్టులోనే వేయవచ్చు, ఆయన ఉన్న చోటికి తిరగక్కర్లేదు.

ఎంత వస్తుందని అడిగారు. భర్త జీతంలో 25 శాతం అని చాలామంది చెబుతారు. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ మాట అన్నది నిజమే కానీ, అది అందరికీ కట్టే లెక్క కాదు. మీ జీతం తప్పకుండా లెక్కలోకి తీసుకుంటారు. ఇద్దరి జీతాలూ దాదాపు సమానంగా ఉంటే భార్యకు ఏమీ రాకపోవచ్చు కూడా. పాప సంగతి మాత్రం వేరు. మీరు ఎంత సంపాదించినా తండ్రి బాధ్యత పోదు. అందుకే పాప పేరు కూడా చేర్చి విడిగా అడగండి.

భరణం ఎక్కువ వస్తుందని ఉద్యోగం మానేయమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. కావాలని మానేశారని తేలితే కోర్టు దాన్ని మీకు వ్యతిరేకంగానే చూస్తుంది. పైగా ఆర్డర్ వచ్చేదాకా ఇల్లు నడిపేది ఆ 22 వేలే.

ఇంకొకటి. పెద్దమనుషుల్లో పెట్టినప్పుడు "ఇద్దరం ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం" అని కాగితం రాసి సంతకం అడుగుతారు. మాకూ తెచ్చారు. గొడవ సద్దుమణుగుతుందని మా నాన్న పెట్టేయమన్నారు, నేను పెట్టలేదు. పరస్పర అంగీకారంతో విడిగా ఉంటే ఈ సెక్షన్ కింద భరణం రాదని చట్టంలోనే ఉంది. మీరు అలాంటిది ఏదైనా రాసిచ్చారా? ఇచ్చి ఉంటే ముందు ఆ కాగితం లాయరుకు చూపించండి.

ఆ లాయరు మళ్లీ అదే మాట అంటే వేరేవాళ్లను చూసుకోండి. ఫీజు భారమైతే మీ జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు జీతం ఎంతున్నా అక్కడ ఉచితంగా లాయరును పెడతారు. వెళ్లేటప్పుడు పెళ్లి ఫోటో, ఆధార్, మీ జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, పాప ఫీజు రసీదులు తీసుకెళ్లండి. ఆయన జీతం వివరాలు మీ దగ్గర లేకపోయినా ఫర్వాలేదు, అవి ఆయనే అఫిడవిట్‌లో చూపించాలి.