సిక్కుల సేవ సిక్కులకు మాత్రమేనా?

కాదు, ఆపదలో ఉన్నది శత్రువైనా సరే సేవ చేయాలన్నదే సిక్కుల పద్ధతి. అందరిలోనూ ఉన్నది ఒకే దేవుడి వెలుగని గురువులు చెప్పారు కాబట్టి, మనవాళ్లు, పరాయివాళ్లు అనే లెక్క ఇక్కడ కుదరదు. 1704 ప్రాంతంలో ఆనంద్‌పూర్ యుద్ధంలో భాయీ కన్హయ్య అనే సిక్కు తోలుతిత్తితో నీళ్లు మోస్తూ, గాయపడ్డ మొఘల్ సైనికులకూ తాగించాడు. సొంతవాళ్లే సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్‌కు ఫిర్యాదు చేశారు. పిలిచి అడిగితే, తనకు అందరి ముఖాల్లోనూ గురువే కనిపించాడన్నాడట. గురువు మందలించలేదు సరికదా, గాయాలకు రాయమని మందు, కట్లు కూడా ఇచ్చాడని సిక్కుల సంప్రదాయ కథనం. గురుద్వారాల్లో అందరికీ ఉచితంగా పెట్టే భోజనమైన లంగర్‌ను చాలామంది పేదలకు పెట్టే అన్నదానం అనుకుంటారు. కానీ అక్కడ కోటీశ్వరుడైనా, కూలీ అయినా ఒకే బంతిలో నేల మీద కూర్చుని తినాల్సిందే. తిన్నాక గిన్నెలు ఎవరైనా తోమొచ్చు, అదీ సేవే.