స్మియర్‌లో డిప్లోకాకై కనబడితే గనేరియా అని రాసేయొచ్చా?

దేవరకొండ దగ్గర ల్యాబ్ ట్రైనింగ్‌లో ఉన్న తమ్ముడు అడిగిండు: గ్రామ్ స్టెయిన్‌లో (స్లైడు మీద పూసిన స్మియర్‌కు రంగులేసి చూసే పరీక్ష) నెగటివ్ డిప్లోకాకై, అంటే గులాబీ రంగు జంట క్రిములు, కనబడితే రిపోర్టులో గనేరియా (సెక్స్ ద్వారా అంటే రోగం) అని రాసేయొచ్చా, ఇంకేమన్నా చెయ్యాల్నా?

తమ్మీ, శాంపిల్ ఎక్కడిదో ముందు చూసుకో. మగ పేషెంటుకు చీము కారుతూ, ఆ చీము కణాల లోపల గులాబీ రంగు జంటలు, రెండు చిక్కుడు గింజలు ఎదురెదురుగా ఆనించినట్టు కనబడితే డాక్టరు మందు మొదలుపెట్టడానికి చాలు. ఆడవాళ్ల స్వాబ్‌లో స్మియర్ చాలా కేసులను పట్టుకోదు. గొంతుదైతే స్మియర్‌ను అసలు నమ్మకు.

గొంతు దగ్గరే నేను బోల్తా పడ్డ. మహబూబ్‌నగర్‌లో ఓ ల్యాబ్‌లో చేరిన కొత్తలో థేయర్-మార్టిన్ ప్లేటు (గనేరియా క్రిమిని పెంచే ప్లేటు) మీద చిన్న బూడిదరంగు కాలనీలు వచ్చినయి, ఆక్సిడేజ్ (ఊదారంగు తిరిగే పరీక్ష) పాజిటివ్. ఇంకేముంది, రిపోర్టు టైపు చేసి సంతకానికి పంపిన. "చక్కెరలు పెట్టినవా?" అని మేడం ఒక్క మాట అడిగింది. ఏ చక్కెరతో క్రిమి ఆమ్లం చేస్తదో చూసే ఆ పరీక్ష నేను పెట్టలే. మర్నాడు చూస్తే గ్లూకోజ్ ట్యూబు ఎరుపు నుంచి పసుపుకు తిరిగింది, పక్కనున్న మాల్టోజ్ ట్యూబు కూడా పసుపే! గనేరియా క్రిమి గ్లూకోజ్‌తో మాత్రమే ఆమ్లం చేస్తది. రెండూ తిరిగితే మెనింగోకాకస్, అది ఏ రోగం లేనివాళ్ల గొంతులో కూడా ఉంటది. ఆ కాగితం ఇంటికి పోయి ఉంటే ఆలుమగల మధ్య ఏం జరిగేదో తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతది.

ఆ ప్లేటులో వేరే క్రిములను ఆపే వాంకోమైసిన్, కొలిస్టిన్, నిస్టాటిన్ మందులు ఉంటయి కదా, వేరేవి పెరగవులే అనుకోకు. మెనింగోకాకస్, దాని చుట్టం లాక్టమికా దర్జాగా పెరుగుతయి. లాక్టమికా అయితే లాక్టోజ్ ట్యూబును కూడా పసుపు చేస్తది. మోరాక్సెల్లా అనే ఇంకో జంట క్రిమి ఏ చక్కెరనూ ముట్టదు.

ఆక్సిడేజ్‌కు నైక్రోమ్ లూప్ వాడకు, ఆ తీగతోనే ఊదారంగు వచ్చి మోసం చేస్తది. పుల్లతో కాలనీ తీసి ఆక్సిడేజ్ రసాయనంతో తడిపిన ఫిల్టర్ పేపర్ మీద రుద్దు. పది సెకండ్లలో రంగు తిరగాలె, ఆలస్యంగా వచ్చినదాన్ని లెక్కపెట్టకు.

క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ లాంటి టెస్టుకు బతికున్న క్రిమి అక్కర్లేదు, మలాశయం, గొంతు శాంపిళ్లకు అదే మేలు. ఏ మందుకు లొంగుతదో తేలాలంటే మాత్రం కల్చరే (క్రిమిని ప్లేటు మీద పెంచి చూసుడు) కావాలె, ఎందుకంటే సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఈ క్రిమి ఎప్పుడో దాటేసింది.

కల్చర్‌కు స్వాబ్‌ను ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఓసారి మా దగ్గరికి మండలం నుంచి ఐసు డబ్బాలో వచ్చింది, "ఎండకు పాడైతదని పెట్టిన సార్" అన్నడు తెచ్చిన పిల్లగాడు. వాని జాగ్రత్తకు మెచ్చుకోవాల్సిందే, కానీ మూడు రోజులు చూసినా ప్లేటు మీద ఏమీ రాలే. ఈ క్రిమి పెరగడానికి కార్బన్ డయాక్సైడ్ కావాలె; దాని ఇంక్యుబేటర్ లేకపోతే క్యాండిల్ జార్ చాలు: తడి దూది, వెలిగించిన తెల్ల కొవ్వొత్తి, మూత గట్టిగా. అగరొత్తుల వాసనొచ్చే రంగు కొవ్వొత్తులు మాత్రం వద్దు.