ఏథెన్స్‌కి వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

టికెట్ బుక్ చేశావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎండ, మంచినీళ్లు, మందుల గురించి మీ అమ్మ చెబుతుందిలే. నలభై ఏళ్లు శాసనాల ముందు చతికిలబడ్డవాణ్ణి, నేను రాళ్ల సంగతి రాస్తాను.

క్రీ.పూ. 7, 6 శతాబ్దాల గ్రీకు శాసనం కనబడగానే చదివెయ్యకు. ముందు ఉన్నది ఉన్నట్టు బొమ్మ గీసుకో. నువ్వు నేర్చుకున్నది అచ్చు పుస్తకాల గ్రీకు. ఆ కాలంలో ఊరికో లిపి. కొరింత్ రాయి మీద వంకర టింకర ఎస్ లాంటిది కనిపిస్తే అది ‘ఇ’. బి లాంటిది ‘ఎ’. ఎమ్ లాంటిది ‘స’. ఇంటూ గుర్తు ఏథెన్స్‌లో ‘ఖ’, థీబ్స్‌లో ‘క్స’. అందుకే రాయి ఏ ఊళ్లో దొరికిందో తెలియకుండా అక్షరం జోలికి పోకు.

తర్వాత, వరస ఎటు నడుస్తోందో చూడు. అరక చాలు చివర మళ్లినట్టు ఒక పంక్తి ఎడమ నుంచి కుడికి, తర్వాతది కుడి నుంచి ఎడమకి పోతుంది. వెనక్కి నడిచే పంక్తిలో అక్షరాలు కూడా అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. మన కర్నూలు వైపు ఎర్రగుడిలో అశోకుడి లఘు శిలాశాసనంలోనూ కొన్ని పంక్తులు ఇలా వెనక్కి నడుస్తాయి. మొదటిసారి అక్కడ గంటసేపు జుట్టు పీక్కున్నాను, నవ్వకు.

డెలోస్ దీవిలో దొరికిన నికాండ్రె పాలరాతి విగ్రహం ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది, సుమారు క్రీ.పూ. 650 నాటిది. రాత ముందువైపు వెతక్కు, ఎడమ పక్కన బట్ట మీద నిలువుగా పోతుంది. ‘నికాండ్రె నన్ను సమర్పించింది’ అని విగ్రహమే మాట్లాడుతుంది. ఆ కాలం వస్తువులకి అదో అలవాటు. థీబ్స్ నుంచి బోస్టన్ చేరిన మాంటిక్లోస్ చిన్న కంచు బొమ్మ తొడల మీద కూడా అదే గొంతు: మాంటిక్లోస్ నన్ను ఇచ్చాడు, అపోలో దేవుడా, బదులుగా నువ్వు ఏదైనా మంచిది ఇవ్వు. మొక్కుబడి అంటే మొక్కుబడే, బేరం ఎక్కడికి పోతుంది!

కంచు దగ్గర మాత్రం జాగ్రత్త. రాయికైతే అక్షరాల అచ్చు తియ్యడానికి మందపాటి కాగితం తడిపి, పరిచి, గట్టి బ్రష్‌తో మెల్లగా కొట్టి, ఆరాక తీస్తారు. అక్కడ మనలా సిరా అద్దరు. కంచుకి తడి తగలనివ్వకు, పచ్చని పొడి రాలడం మొదలైతే అక్షరం దానితోపాటే పోతుంది. టార్చిని పక్క నుంచి, దాదాపు రాతికి ఆనించి వెయ్యి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పొద్దున ‘అక్షరం’ అనుకున్నది సాయంత్రానికి గీతలా తేలిపోవడం నాకు మామూలే.

ఫ్రసిక్లేయా విగ్రహాన్ని మాత్రం తప్పకుండా చూడు. పెళ్లి కాకుండా పోయిన అమ్మాయి. ‘పెళ్లికి బదులు దేవతలు నాకు కన్య అనే పేరిచ్చారు, ఎప్పటికీ అలాగే పిలుస్తారు’ అని పీఠం మీద ఉంది. ఆ పీఠం ఎన్నాళ్లో మెరెండా దగ్గర చర్చిలో మామూలు రాయిలా పడి ఉండింది. విగ్రహం 1972లో దగ్గర్లోని గుంటలో దొరికింది. రెంటినీ బిగించిన సీసపు కట్టు జోడీని ఖాయం చేసింది.

విరిగిన చోట నింపేటప్పుడు చదరపు బ్రాకెట్ పెట్టు, సందేహం ఉన్న అక్షరం కింద చుక్క పెట్టు. చిన్నప్పుడు నేనొక రాజు పేరు బ్రాకెట్ లేకుండా నింపేశాను. రెండేళ్లకి మిగతా ముక్క దొరికింది. వేరే రాజు.

కాగితపు అచ్చులు మడవకు, చుట్టి తీసుకురా.

మీ పెదనాన్న